మా ఆవిడ పేరున్న కంప్యూటరు

మా ఆవిడ పేరు ఓక్‌బున్. ఈ ముక్క ఇప్పుడు ఇంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసింది గానీ, మొన్న చలికాలం దాకా నిద్రలేపి అడిగినా తడుముకునేవాణ్ని. పెళ్లయిన కొత్తలో ‘ఇదిగో’ అని పిలిచేవాణ్ని. అమ్మాయి పుట్టాక దానికి నారే అని పేరు పెట్టాం. ఆ రోజు నుంచీ ఆవిడ ‘నారే అమ్మ’, నేను ‘నారే నాన్న’. కొరియాలో, మా జెచన్ ఊళ్లో అందరిదీ ఇదే వరస. పిల్లలకి పేరు పెట్టడమంటే తల్లిదండ్రుల పేర్లు మాఫీ చేసుకోవడమే.

నవ్వకండి. మీ ఆవిడల పేర్లు చెప్పండి చూద్దాం, తడుముకోకుండా.

తమాషా ఏమిటంటే, మా ఆవిడ బతుకుతెరువే పేర్లు. బజారు సందులో ఆవిడకి ఎంబ్రాయిడరీ కొట్టుంది. స్కూలు యూనిఫారం జేబు మీద పేరు, వంటవాడి కోటు మీద పేరు, థేక్వాండో నేర్చుకునే పిల్లల బెల్టు మీద పేరు. కంప్యూటరులో అక్షరాలు కొడితే పక్కనున్న మెషిను టకటకా కుట్టేస్తుంది. ఊళ్లో సగం మంది ఒంటి మీద ఆవిడ కుట్టిన పేర్లే. ఆవిడ పేరు మాత్రం కొట్టు బోర్డు మీద కూడా లేదు. అక్కడ ‘నారే ఎంబ్రాయిడరీ’ అని ఉంటుంది.

ఇక నేనంటారా, సిమెంటు ఇటుకల కంపెనీలో గుమాస్తాగిరీ వెలగబెట్టి, రిటైరై, ఆవిడ కొట్లో కిరసనాయిలు పొయ్యి పక్కన కూర్చుని చిలగడదుంపలు కాల్చే ఉద్యోగంలో చేరాను. జీతం కూడా దుంపల్లోనే ఇస్తారు.

నాకున్న వ్యసనం ఒక్కటే, బాదుక్. గళ్ల పలక మీద నల్లరాళ్లూ తెల్లరాళ్లూ పెట్టి ఎదుటివాణ్ని చుట్టుముట్టే ఆట. ఇదివరకు పార్కులో ఆడేవాళ్లం. ఇప్పుడు అందరూ ఫోన్లలోకి దూరారు. ఫోనులో గడి ఆవగింజంత, నా వేలు బెండకాయంత. ఒక చోట పెట్టిన రాయి ఇంకో చోట పడుతుంది. అలా పడ్డ ఒక రాయి వల్ల, ఊరందరూ వేణ్ణీళ్ల స్నానానికి వెళ్లే స్నానశాల యజమాని బాంగ్ చేతిలో ఓడిపోయాను. సందంతా అతన్ని వేణ్ణీళ్ల బాంగ్ అంటుంది. ఆ వేణ్ణీళ్ల బాంగ్ నన్ను ‘బెండకాయ గురువుగారూ’ అనడం మొదలుపెట్టాడు. అదీ స్నానశాలలో, ఒంటి మీద నూలుపోగు లేని జనం నలుగురి మధ్య.

ఇంట్లో ఒక పెద్ద తెర ఉంటే నా పరువు నిలబడుతుంది. అమ్మాయి చదువుకి వెళ్తూ దాని కంప్యూటరు దాంతో పట్టుకుపోయింది. కాబట్టి ఒక రోజు దుంపలు తిప్పుతూ కదిపాను.

“నారే అమ్మా, మనింట్లో కూడా ఒక కంప్యూటరు ఉంటే బావుణ్ను.”

“ఎందుకూ?”

“వార్తలూ అవీ చూసుకోవచ్చు.”

“టీవీ ఉందిగా.”

“ఎండా వానా తెలుస్తుంది.”

“కిటికీ ఉందిగా.”

“అమ్మాయితో మొహం చూసుకుంటూ మాట్లాడొచ్చు.”

“మీ మొహం దానికి తెలుసులెండి.”

తలుపులన్నీ మూసేశాక కిటికీ గురించి ఆలోచించాల్సి వచ్చింది. కొట్లో కంప్యూటరు పాతదే. దానికి రోగం వస్తే కొట్టుకి కొత్తది కొంటుంది, పాతది నాతో ఇంటికొస్తుంది. రోగం ఎలా తెప్పించాలో నాకు తెలుసు. మా పాత ఆఫీసులో కొత్తగా వచ్చిన మేనేజరు తన కంప్యూటరుకి ‘బెబ్బులి’ అని పేరు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకుని ఉంటే గొడవ లేదు. మాతృభాష మీద అభిమానం కొద్దీ శుద్ధంగా మన హాంగుల్ లిపిలో పెట్టాడు. అంతే, ప్రింటరు మూగబోయింది, జీతాల ప్రోగ్రాము పడకేసింది. ఎక్కడో ఎవరో రాసిన ప్రోగ్రాములట, కంప్యూటరు పేరులో మన అక్షరాలు కనబడితే వాటికి కళ్లు తిరుగుతాయట. పేరు మార్చగానే అన్నీ లేచి కూర్చున్నాయి. బెబ్బులిగారు మాత్రం నెల రోజులు పిల్లిలా తిరిగారు.

మా ఆవిడ దారాలు కొనడానికి వెళ్లిన సమయం చూసి, నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ‘షాపు ఒకటి’ అని ఉంది. రెండో షాపు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. ఆ పేరు తీసేసి హాంగుల్‌లో ఏం పెట్టాలా అని ఆలోచించాను. బెబ్బులి అంటే వెంటనే దొరికిపోతాను. అప్పుడు తట్టింది, మా ఆవిడ పేరే పెడితే? పట్టుబడితే ప్రేమ అని చెప్పుకోవచ్చు. దొంగతనానికి వెళ్తూ చేతిలో పూలగుత్తి పట్టుకోవడం అన్నమాట. కంప్యూటరు పేరూ, పొద్దున్నే తెర మీద పెద్దగా కనబడే పేరూ, రెండూ ‘ఓక్‌బున్’ అని మార్చేశాను. నా వేళ్లకి ఆ అక్షరాలు అలవాటు లేక కాస్త ఆలస్యమైంది.

మర్నాడు పొద్దున్న మా ఆవిడ కంప్యూటరు తెరిచింది. నేను పొయ్యి దగ్గర ఏమీ ఎరగనట్టు దుంపల వైపు చూస్తున్నాను.

“నారే నాన్నా, ఇది ఎవరు రాశారు?”

“ఏదీ? ఓ, అదా… నేనే. ‘షాపు ఒకటి’ ఏం పేరది, చెప్పు? కష్టపడేది నువ్వు. నీ పేరుంటే బావుంటుందని…”

ఆవిడ తెర వైపే చూస్తోంది. “మన పెళ్లి రిజిస్టరు చేయించినప్పుడు రాశారు నా పేరు. మళ్లీ ఇదే.”

అప్పుడు కూడా రాసింది గుమాస్తా అని నాకు గుర్తొచ్చింది గానీ, ఆ సమయంలో నిజాయితీ అనవసరమనిపించింది. ఆవిడ లేచి వచ్చి, తన మధ్యాహ్నం డబ్బాలోంచి ఉడకబెట్టిన గుడ్డు తీసి, పెంకు వలిచి, ఉప్పు అద్ది నా చేతిలో పెట్టింది. తిన్నాను.

తరవాత మెషిను దగ్గరికి వెళ్లి మీట నొక్కింది. మెషిను కదల్లేదు. దాని చిన్న తెర మీద కంప్యూటరు పేరు ఉండాల్సిన చోట రెండు ప్రశ్నార్థకాలు వచ్చి నిలబడ్డాయి.

“ఇదేంటండీ, ఇది నన్ను రెండు ప్రశ్నలు అడుగుతోంది?”

“ఏమో మరి.”

“మొదటిది ‘ఏం చేశావు’ అనుకుంటా. రెండోది ‘ఎందుకు చేశావు’ అయ్యుంటుంది.”

“కంప్యూటరు పాతబడిపోయింది నారే అమ్మా. వయసు మీద పడితే అంతే, ఎదురుగా ఉన్నవాళ్లని కూడా గుర్తుపట్టదు. కొత్తది కొనుక్కుందాం. దీన్ని పారెయ్యడమెందుకు, పాపం, నేను ఇంటికి తీసుకెళ్లి చూసుకుంటాను.”

“వయసు మీద పడితే అంతేనంటారా?” అంది కళ్లజోడు మీంచి నన్ను చూస్తూ.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఉరుము లోపలికొచ్చింది. ఉరుమంటే థేక్వాండో స్కూలు నడిపే మాస్టరు గుక్. ఆయన రహస్యం చెప్పినా రెండు సందుల అవతలకి వినబడుతుంది.

“నారే అమ్మగారూ! శనివారం మా పిల్లలకి నల్లబెల్టులిస్తున్నాం! ముప్ఫై ఎనిమిది! తాతలూ అమ్మమ్మలూ అందరూ వస్తున్నారు! ఒక్కొక్కడి పేరూ పిలిచి, వాడి పేరున్న బెల్టు వాడి నడుముకి నేనే కడతాను!”

“పోయినసారి బస్టాండు కొట్లో కుట్టించారుగా, మాస్టరుగారూ?”

“ఆ మాటెత్తకండి! ఒక పిల్లాడి పేరు సగం ఊడిపోయింది! వాడు ‘నేను సగమే పాసయ్యానా’ అని ఏడుపు! ఈసారి మిమ్మల్నే నమ్ముకున్నాను. ఇది పోయిందంటే పిల్లలకి నేను మొహం చూపించలేను!”

మా ఆవిడ ఆగిపోయిన మెషిను వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది. “శనివారం పొద్దున్నకి మీ చేతిలో ఉంటాయి మాస్టరుగారూ. ఇది నా మాట.”

ఇదీ నేను లెక్కలోకి తీసుకోని సంగతి. మా ఆవిడ మాటిచ్చి తప్పిన సందర్భం ఈ బజారులో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లలో కట్టుకున్న పేరు నా బెండకాయ వేలితో కూలిపోయేట్టుంది. పోనీ, పాత పేరు పెట్టేస్తే ఒక్క నిమిషంలో అంతా సర్దుకుంటుంది. ఆవిడ కాసేపు పక్కకి వెళ్తే చాలు.

“నారే అమ్మా, వెళ్లి వేడిగా కల్గుక్సు తిని రాకూడదూ? నేను కొట్టు చూసుకుంటాను.”

“ఇక్కడికే తెమ్మన్నాను. నీళ్ల చారులో సేమ్యాలు ఎక్కడ తింటే ఏంటి?”

“పోనీ దారాలు?”

“నిన్ననే తెచ్చాను.”

“మీ అక్కగారిని చూసి చాలా రోజులైంది కదా.”

“మా అక్క పేరెత్తారంటే మీకు జ్వరమైనా వచ్చుండాలి,” అని నా నుదురు తాకి చూసింది. కల్గుక్సు గిన్నె కూడా ఆ కంప్యూటరు ముందే పెట్టుకుని, తన పేరు చూసుకుంటూ ఒక్కొక్క పోగే తిన్నది.

సాయంత్రానికి ఆవిడే మెషిను కంపెనీవాళ్లకి ఫోను చేసింది, నాకు కూడా వినబడేలా పెట్టి. అటువైపు యోమ్ అనే అతను.

“అమ్మా, కంప్యూటరు పేరేమైనా మార్చారా?”

“మా ఆయన మార్చారు. నా పేరు పెట్టారు.”

“హాంగుల్‌లోనా? అదేనమ్మా రోగం. మెషిను ఆ పేరు చదవలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టెయ్యండి, ఒక్క నిమిషం పని.”

హమ్మయ్య అనుకున్నాను. గండం గడిచింది, పైగా నా గుట్టు కూడా బయటపడలేదు. చెయ్యి ముందుకు చాచాను.

“మార్చను,” అంది మా ఆవిడ.

“అమ్మా?”

“ఈ ఊళ్లో వాళ్లందరి పేర్లూ అది హాంగుల్‌లోనే కుడుతోంది కదా బాబూ. నా పేరొక్కటే దానికి మింగుడు పడలేదా?”

“అది వేరు, ఇది వేరమ్మా…”

“అవును, వేరే. మళ్లీ చేస్తాను, ఉంటాను.”

నేను మెల్లగా అన్నాను, “నారే అమ్మా, బెల్టులు కుట్టద్దూ? శనివారం మీద పడుతోంది. పేరుదేముంది, మళ్లీ పెట్టుకోవచ్చు.”

“ఆ పేరు జోలికి వెళ్లకండి. మా ఆయన పెట్టిన పేరు.”

“మరి ఎవరు కుడతారు?”

“పేరు పెట్టినవాళ్లే.”

అక్కడే నిజం ఒప్పేసుకుంటే పోయేది. నోరు తెరిచాను కూడా. కానీ ఆ గుడ్డు తిన్నాను కదండీ. ప్రేమతో పెట్టాననుకుని వలిచిచ్చిన గుడ్డది. అది కడుపులో కూర్చుని నా నోరు మూసేసింది. నేను సూది పుచ్చుకున్నాను.

థేక్వాండో బెల్టు ఎప్పుడైనా ముట్టుకుని చూశారా? గుడ్డ మడతలు మడతలు పెట్టి నొక్కి చేస్తారు. సూది అందులో దిగదు, దిగితే రాదు, వస్తే నా వేలిలోంచి వస్తుంది. మా ఆవిడ మొదట సుద్దముక్కతో అక్షరాలు గీసి, కాడకుట్టు ఎలా వెయ్యాలో చూపించింది. ఆవిడ మూడు పేర్లు పూర్తి చేసేసరికి నాది ఒక్కటి అయ్యేది. అది కూడా గాలివానకి వంగిపోయినట్టు ఉండేది.

“ఇదేంటండీ, ఈ అక్షరం పడుకుంది?”

“అలిసిపోయి ఉంటుంది.”

“విప్పి లేపండి.”

విప్పేవాణ్ని, మళ్లీ కుట్టేవాణ్ని. అందరి పేర్లూ మూడక్షరాలే, ఒక్క పిల్లాడికి ఇంటిపేరే రెండక్షరాలు, హ్వాంగ్‌బో. మొత్తం నాలుగు. ఆ నాలుగో అక్షరం కుడుతూ వాళ్ల వంశంలోని పెద్దలందరినీ భక్తితో తలుచుకున్నాను.

వేణ్ణీళ్ల బాంగ్ తువ్వాళ్ల మీద పేరు కుట్టించడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“ఏమయ్యా డోక్‌మాన్, కూతురికి పెళ్లి కుదిరిందా? సారెకి పరుపులు కుడుతున్నావు?”

“బెల్టులు.”

“ఆ వేలితోనే?” అన్నాడు. పాపం, నవ్వాపుకోవడానికి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. సాయంత్రానికల్లా సందులో ఆడవాళ్లందరూ ఏదో ఒక చిరుగు పట్టుకుని మా కొట్టుకి రావడం, నా కుట్టు చూసి వెళ్లడం మొదలుపెట్టారు. పక్కన చేపల కొట్టావిడ తన మొగుణ్ని కూడా తీసుకొచ్చి చూపించింది. ఆయన నన్ను పగవాణ్ని చూసినట్టు చూశాడు.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. చేత్తో కుడితే పేరు తొందరగా అయిపోదు. ఒక్కో గీత దగ్గరా ఆగాలి. మా ఆవిడ కుడుతూ, ఈ పిల్ల ఎవరి మనవరాలో, ఈ పిల్లాడు పోయినసారి పరీక్షలో ఎలా తప్పాడో చెబుతూ ఉండేది. ప్రతి పేరూ పూర్తయ్యాక ఒకసారి పైకి చదివేది. ఇన్ని పేర్లు అంత మర్యాదగా పలికే మనిషి పేరు ఇంట్లో ఒక్కసారి కూడా వినబడలేదు కదా అనిపించి నాకు నిజంగానే సిగ్గేసింది. సిగ్గుపడుతూ మళ్లీ పొడుచుకున్నాను.

శనివారం పొద్దున్న చివరి బెల్టు ముడి వేస్తుండగానే ఉరుము వచ్చేసింది. మాస్టరు గుక్ ఒక బెల్టు ఎత్తి, వెలుతురులో పెట్టి చూశాడు. నేను కుట్టిందే అది. అక్షరాలు మెట్లు దిగుతున్నట్టున్నాయి. నా గుండె కూడా వాటితో పాటు దిగింది.

“ఇది… చేతి కుట్టా?!”

“అవునండీ,” అంది మా ఆవిడ.

“అమ్మగారూ! ఒక్కొక్క పిల్లాడి పేరూ చేత్తో కుట్టారా! మా గురువుగారి కాలంలో చూశాను, మళ్లీ ఇప్పుడే!” ఆయన కళ్లు చెమర్చాయి. అరుస్తూ ఏడవడం మొదటిసారి చూశాను. “ఇకనుంచి మా స్కూలు బెల్టులన్నీ ఇలాగే కావాలి! వీలవుతుందా?”

“ఎందుకవదు మాస్టరుగారూ? మనిషున్నాడు.”

మనిషి ఎవరో అడగక్కర్లేదు. పది వేళ్లకీ ప్లాస్టర్లున్నవాణ్ని నేనొక్కణ్నే.

తరవాతి వారం కొట్లోకి కొత్త కంప్యూటరు వచ్చింది. ఇంత జరిగినా నా పథకం చివరికి ఫలించిందని లోలోపల పొంగిపోయాను. మా ఆవిడే కూర్చుని, దానికి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పేరు టకటకా కొట్టి మీట నొక్కింది. మెషిను వెంటనే గుర్రుమని కుట్టడం మొదలుపెట్టింది. తొంగి చూస్తే తెర మీద ‘డోక్‌మాన్’ అని ఉంది. నా పేరు.

“మీ పేరు ఇంగ్లీషులో పెడితే చక్కగా పనిచేస్తోంది చూడండి. చెప్పిన మాట వింటోంది.”

“నీకు… పేరు సంగతి ఆ యోమ్ చెబితే తెలిసింది కదా?”

“కొట్టు తెరిచిన రోజే తెలుసు. అప్పుడు మొట్టమొదట నేనూ నా పేరే పెట్టుకున్నాను, హాంగుల్‌లో. ఆ యోమే వచ్చి, ‘అది తీసెయ్యండమ్మా, మెషిను నడవదు’ అన్నాడు. తీసేశాను. ‘షాపు ఒకటి’ అని అతనే పెట్టాడు.”

చిలగడదుంప చేతిలో కాలుతున్నా తెలియలేదు.

“అంటే ఆ రోజు పొద్దున్న… ప్రశ్నార్థకాలు చూడగానే…?”

“అంతకుముందే. పేరు చూడగానే.”

“మరి ఆ గుడ్డు?”

“కుట్రకే అయినా నా పేరు రాశారు కదా. దానికిచ్చాను.”

“బెల్టులు?”

“కుట్రకిచ్చాను.”

ఏం చేస్తాం! పాత కంప్యూటరు మాత్రం అన్న మాట ప్రకారం ఇంటికొచ్చింది. ఆదివారం దాన్ని, కింద గొట్టాల్లో వేణ్ణీళ్లు పారే మా వెచ్చటి నేల మీద బల్ల వేసి పెట్టి, మెత్త సర్దుకుని, బాంగ్‌కి ఫోను చేసి, “కాచుకో” అన్నాను. బాదుక్ ప్రోగ్రాము ఎక్కించాను. సగం ఎక్కి ఆగిపోయింది. మళ్లీ ఎక్కించాను. తెర మీద ఒక పెట్టె వచ్చింది. అందులో ఏదో పొరపాటని రాసి ఉంది, దాని పక్కన రెండు ప్రశ్నార్థకాలు.

వెనకాల మా ఆవిడ పియర్ పండు చెక్కు తీస్తోంది.

“ఎక్కట్లేదా?”

“ఊహూఁ.”

“ఎక్కదట. మీ బాదుక్ సంగతి కూడా ఆ రోజే యోమ్‌కి మళ్లీ ఫోను చేసి అడిగాను. ఇంగ్లీషు అక్షరాల్లో పేరు మార్చేస్తే ఎక్కుతుందట, ఒక్క నిమిషం పని. మార్చుకోండి, నేనేమీ అనుకోను.”

కత్తి ఆగలేదు, చెక్కు తెగలేదు. నేను పేరు మార్చే చోటు దాకా వెళ్లాను. ఓక్‌బున్ అని ఉంది. అది తుడిచెయ్యాలంటే ఒక్క మీట చాలు. ఇంతకు ముందొకసారి ఎవరో చెప్పారని ఆవిడే తన చేత్తో తుడిచేసుకుంది ఆ పేరు. రెండోసారి నా చేత్తో చెయ్యలేకపోయాను. బాంగ్‌కి ఫోను చేసి, నడుము పట్టేసిందని చెప్పాను.

ఇప్పుడు పొద్దున్నించీ సాయంత్రం దాకా కొట్లో నా పేరే చాకిరీ చేస్తుంది, పక్కన సూది పుచ్చుకుని నేను. సాయంత్రం ఇంట్లో ఓక్‌బున్ పేరున్న పెద్ద తెర మీద ఓక్‌బున్ సీరియళ్లు చూస్తుంది. అవి మాత్రం ఏ అడ్డూ లేకుండా వస్తాయి. ఆవిడ పక్కన కూర్చుని నేను ఫోనులో ఆవగింజల మీద ఆడుతుంటాను.

నిన్న రాత్రి భోజనాలయ్యాక గెలిచే ఆట ఆడుతూ, రాయి మళ్లీ పక్క గడిలో పెట్టేశాను. “ఓక్‌బున్!” అని ఇల్లదిరేలా అరిచాను బాధ ఆపుకోలేక.

“ఏంటి డోక్‌మాన్ గారూ!” అంది ఆవిడ అంతే గట్టిగా, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

ఇవాళ పొద్దున్న లిఫ్టులో కింది ఫ్లాటావిడ నన్ను పలకరించింది. “నారే నాన్నగారూ, మీ ఇంటికి చుట్టాలొచ్చారా? ఎవరో ఓక్‌బున్, డోక్‌మాన్ అట, రాత్రి ఒకటే కేకలు!”